అడగని ధర

సీలు తీయని పెట్టెను కస్టమర్ చేతిలో పెట్టడం శ్రీలలితకు ఇష్టం ఉండదు. పెట్టె తెరవడమే ఆ ఉద్యోగంలో ఆమెకు అన్నిటికంటే నచ్చిన పని. బ్లేడుతో టేపును కోసి అట్ట రెక్కలు విప్పగానే కొత్త ప్లాస్టిక్కు, కొత్త రబ్బరు కలిసిన వాసన ఒకటి వస్తుంది. పల్చటి తెల్ల సంచిలోంచి కెమెరాను రెండు చేతులతో పైకి తీస్తుంది. బ్యాటరీ వేసి, కార్డు పెట్టి, ముందుగా ఒక తెల్ల కాగితాన్ని ఫోటో తీస్తుంది. ఆ ఫోటోను స్క్రీన్ మీద పెద్దది చేసి, ఎక్కడైనా దుమ్ము మచ్చ కనపడుతుందేమోనని మూలమూలా వెతుకుతుంది. తర్వాత కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని షట్టర్ నొక్కుతుంది. ఒక్కో మోడల్‌ది ఒక్కో చప్పుడు. కళ్లు మూసుకుని కూడా కొన్నిటిని చెప్పగలనని ఆమె భర్త శరత్‌చంద్ర దగ్గర గొప్పలు పోయింది. వాళ్లకు పెళ్లై ఇంకా మూడు నెలలు నిండలేదు. అతను అన్నీ నమ్ముతున్నాడు.

బెంజ్ సర్కిల్ నుంచి పటమట వెళ్లే దారిలో ఉంటుంది హైమ కెమెరా హౌస్. యజమాని శేషగిరిరావు భార్య హైమవతి పేరు అది. లోపలికి వెళ్లే గాజు తలుపు మీద ఎర్రటి అక్షరాలతో ఒక బోర్డు ఉంది: "ఆన్‌లైన్ ధర చూపించండి. అదే ధరకు తీసుకెళ్లండి." ఫోనులో ధర చూపించినవాళ్లకు శేషగిరిరావు మారుమాట లేకుండా తగ్గించేస్తాడు. కానీ వాళ్లకు పెట్టె తెరవరు. సీలుతోనే ఇచ్చి, బిల్లు మీద నీలం ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడితే తర్వాత ఏం వచ్చినా కంపెనీ సర్వీసు సెంటర్‌తోనే తేల్చుకోవాలి. మామూలు ధరకు కొన్నవాళ్ల సంగతి వేరు. పెట్టె తెరిచి అంతా చూసి ఇస్తారు. నెలలోపల ఏ తేడా వచ్చినా బీరువాలోంచి ఇంకొకటి తీసి చేతిలో పెడతారు. చూపించనివాళ్లకు ఆన్‌లైన్ ధర సంగతి ఎవరూ చెప్పరు. చెప్పకూడదని ఎవరూ అనలేదు గానీ, చేరిన రోజునే శ్రీలలితకు అది అర్థమైంది.

ఆ బుధవారం జయంత్ అనే అతను వచ్చాడు. పటమటలోనే ఇంట్లోంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటాడట. అరకు వెళ్లడానికి కెమెరా కావాలన్నాడు. శ్రీలలిత అద్దాల అరలో ఉన్న నమూనా కెమెరా తీసి అన్నీ చూపించింది. చీకట్లో ఎలా తీస్తుందో చూపించడానికి బల్ల కిందకు వంగి మరీ తీసింది. అతను అరగంటకు పైగా అడిగి, రోడ్డు మీద ఆటోలను ఫోటోలు తీసి, తనను తాను తీసుకుని, చివరికి జేబులోంచి ఫోన్ తీసి ధర చూపించాడు. బిల్లింగ్ దగ్గర ఉండే దుర్గాప్రసాద్ ఆరువేల పైచిలుకు తగ్గించి బిల్లు కొట్టి, నీలం ముద్ర వేశాడు. సీలు పెట్టెను సంచిలో వేసి ఇస్తుంటే శ్రీలలితకు చేతులు ఊరికే ఉండలేకపోయాయి.

ఇలాంటివాళ్లకు కూడా ఒక్క నిమిషం తెరిచి చూసి ఇద్దామా అని ఆమె తర్వాత శేషగిరిరావును అడిగింది. ఆయన తన గాజు గదిలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఆన్‌లైన్‌లో కొంటే ఎవరూ తెరిచి చూసి పంపరు కదమ్మా, ఆ ధరకు ఆ సేవే అన్నాడు. అందులో కోపం లేదు. లెక్క సరిగ్గానే ఉందనిపించి ఆమె మళ్లీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం చల్లపల్లి నుంచి హనుమయ్య వచ్చాడు. శ్రీలలిత అతన్ని అంతకుముందు ఒకసారే చూసింది, కార్డులు కొనడానికి వచ్చినప్పుడు. యాభై దాటిన మనిషి. చల్లపల్లి చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. గాజు తలుపు నెట్టి లోపలికి రాగానే శేషగిరిరావు కుర్చీలోంచి లేచి బయటికొచ్చాడు. అలా లేవడం చాలా తక్కువ.

"ఏవయ్యా హనుమయ్యా, ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?"

"కెమెరా పాడైతే కదా గురువు గారూ గుర్తొచ్చేది. మీరు అమ్మినవి పాడవవు. నన్నేం చెయ్యమంటారు?"

ఇద్దరూ నవ్వారు. శేషగిరిరావు ఎదురుగా ఉన్న హోటల్‌కు ఫోన్ చేసి రెండు కాఫీలు చెప్పాడు. హనుమయ్యకు పక్కన కుర్చీ లాగాడు. కస్టమర్లకు అక్కడ స్టూళ్లే. హనుమయ్య తన పాత కెమెరాను మోపిదేవిలో కొత్తగా స్టూడియో పెట్టినతనికి పొద్దున్నే అమ్మేశాడు. శనివారం పొద్దున చల్లపల్లిలో పెళ్లి ఉంది. కొత్త కెమెరాతో ఆ పెళ్లి తీయాలని అతని ముచ్చట. ఏ కెమెరా అన్నది వచ్చేముందే అనుకుని వచ్చాడు. అది జయంత్ కొన్నదే.

శేషగిరిరావుకు ఏదో ఫోన్ వస్తే లోపలికి వెళ్లాడు. శ్రీలలిత హనుమయ్యను కెమెరా చూపించడానికి అద్దాల అర దగ్గరకు పిలిచింది. అతను దాన్ని చేతిలోకి తీసుకున్న తీరు ఆమెకు నచ్చింది. ఏ బటనూ వెతకలేదు. కుడి అరచేతిని పట్టు మీద ఆనించి, బరువు చూసి, చిన్నగా తల ఊపాడు. ఎంత అని అడగలేదు.

ఆమె మనసు ఆ రోజు మామూలుగా లేదు. క్రితం ఆదివారం శరత్, తను మిక్సీ కొనడానికి వెళ్లారు. శరత్ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ధర అడగాలంటే అతనికి సిగ్గు. తనే ఫోన్ తీసి ఆన్‌లైన్ ధర చూపించింది. ఆ కొట్టువాడు గొణుక్కుంటూ తగ్గించాడు. బయటికొచ్చాక ఇద్దరూ ఏదో గెలిచినట్టు ఒకరి చెయ్యి ఒకరు నొక్కుకున్నారు. ఇంటికి వెళ్లేదాకా ఆగకుండా దారిలో నిమ్మకాయ సోడా తాగారు. ఆ రోజే కొబ్బరి పచ్చడి రుబ్బి, అవసరం లేకపోయినా ఇంకోసారి తిప్పి, ఆ చప్పుడుకు నవ్వుకున్నారు. ఆ సంతోషాన్ని ఎవరికైనా పంచితే బాగుండునని ఆమెకు నాలుగు రోజులుగా ఉంది. ఇదిగో ఇప్పుడు ఎదురుగా ఈ మంచి మనిషి ఉన్నాడు.

ఆమె గొంతు తగ్గించి, ఆన్‌లైన్‌లో ఆరువేలు తక్కువుందని, ఫోనులో చూపిస్తే చాలునని చెప్పింది.

హనుమయ్య కెమెరాను అరలో పెట్టేశాడు. "ఆయన దగ్గర ధర అడగడమేంటమ్మా? వద్దులే."

"అడగక్కర్లేదండీ. చూపించడమే. తలుపు మీద బోర్డు ఉందిగా."

"ఆ బోర్డు బయటివాళ్లకనుకున్నాను."

"ఎవరికైనా అదేనండీ. నిన్న ఒకాయన ఇదే కెమెరా ఆ ధరకే తీసుకెళ్లారు."

హనుమయ్య చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. నిన్న వచ్చినతను ఇక్కడ తరచుగా కొంటాడా అని అడిగాడు. లేదు, మొదటిసారి వచ్చాడని శ్రీలలిత చెప్పింది. ఆ బోర్డు ఎప్పటినుంచి ఉందని అడిగాడు. పోయిన ఏడాది పెట్టారటండీ అంది. పోయిన ఏడాదే తను ఇక్కడ పెద్ద లెన్స్ ఒకటి కొన్నట్టు హనుమయ్య తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. తర్వాత ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. ఆ పేజీ ఎలా తెరవాలో అతనికి తెలియదు. ఆమే తెరిచి ఇచ్చింది. హనుమయ్య లాంటి మనిషికి శేషగిరిరావు సీలు పెట్టె ఇవ్వడని, ధర తగ్గించి పెట్టె కూడా తెరిపిస్తాడని ఆమె అనుకుంది. ఇందులో అనుమానించడానికి ఏముంది? ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టిన మనిషి కదా.

శేషగిరిరావు తిరిగి వచ్చాక హనుమయ్య ఫోన్‌ను ఆయన ముందు బల్ల మీద పెట్టాడు. చేతికివ్వలేదు. శేషగిరిరావు కళ్లజోడు పెట్టుకుని దాన్ని చదివాడు. చదవాల్సినంత ఏమీ లేదు అందులో. అయినా చాలాసేపు చూశాడు.

"ఎవరు చూపించారు నీకిది?"

శ్రీలలిత బల్ల ఇవతల నిలబడి ఉంది. హనుమయ్య ఆమె వైపు చూడలేదు.

"మా కోడలు చూసిందండీ, ఫోనులో."

"సరే," అన్నాడు శేషగిరిరావు. "దుర్గాప్రసాద్, ఆన్‌లైన్ ధరకు బిల్లు కొట్టు."

శ్రీలలిత బీరువాలోంచి పెట్టె తెచ్చి, అలవాటుగా బల్ల మీది గ్లాసులోంచి బ్లేడు అందుకుంది. అది తెరవక్కర్లేదమ్మా అన్నాడు శేషగిరిరావు. ఆమె బ్లేడును మళ్లీ గ్లాసులో వేసింది. బిల్లు మీద నీలం ముద్ర పడింది. అప్పుడే హోటల్ నుంచి కాఫీలు వచ్చాయి. శేషగిరిరావు తీసుకోండి అని మర్యాదగా అన్నాడు. హనుమయ్య నిలబడే తాగాడు. కాఫీ అయిపోయాక కూడా పెట్టె పక్కన కాసేపు నిలబడ్డాడు, ఇంకా ఏదో జరగాల్సి ఉన్నట్టు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి సంచి తీసుకుని వెళ్లిపోయాడు. శేషగిరిరావు కాఫీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది.

ఆ సాయంత్రమంతా ఆయన గాజు గదిలోంచి బయటికి రాలేదు. హనుమయ్య ధర అడగడం ఇదే మొదటిసారి అని దుర్గాప్రసాద్ లెన్స్ మూతలు సర్దుతూ అన్నాడు. ఆ మాట తనతో అన్నాడో, మామూలుగా అన్నాడో శ్రీలలితకు తెలియలేదు. ఇంటికి వెళ్లాక శరత్‌తో చెప్పింది. తప్పేముంది, ఆయనకు ఆరువేలు మిగిలాయి కదా అన్నాడు శరత్. అవును, మిగిలాయి. మరి ఆ మనిషి ముఖంలో మిక్సీ కొన్ననాటి తమ ముఖాల్లోని వెలుగు ఎందుకు లేదో ఆమె చెప్పలేకపోయింది.

శుక్రవారం షాపు తెరిచిన కాసేపటికే హనుమయ్య మళ్లీ వచ్చాడు. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. కెమెరాలో రెండు కార్డులు పెట్టే చోట్లుంటే, ఒకటి అసలు కార్డునే గుర్తించడం లేదు. రెండోది గుర్తిస్తూనే మధ్యలో వదిలేస్తోంది. రాత్రి తీసిన ఫోటోలు సగం లేవు. పెళ్లి ఫోటోలు రెండు కార్డుల్లోనూ పడకపోతే, తాళి కట్టే క్షణం పోతే, మళ్లీ కట్టించి తీయలేరు. శ్రీలలిత తన కార్డులు వేసి చూసింది. బ్యాటరీ తీసి వేసింది. అదే. పెట్టె తెరిచి ఉంటే మొదటి నిమిషంలోనే తెలిసిపోయేది.

దుర్గాప్రసాద్ బిల్లు చూశాడు. నీలం ముద్ర మీద వేలు పెట్టి, ఇబ్బందిగా గాజు గది వైపు చూశాడు. శేషగిరిరావు బయటికి వచ్చాడు.

"సర్వీసు సెంటర్ హైదరాబాద్‌లో ఉందండీ. దుర్గాప్రసాద్ చిరునామా ఇస్తాడు. పంపించండి, వాళ్లు బాగానే చూస్తారు."

ఆ మాటల్లో ఎక్కడా గరుకుదనం లేదు. నిన్నటిదాకా నువ్వు అన్న మనిషిని అండీ అంటున్నాడు, అంతే. హనుమయ్య విన్నాడు. కెమెరా పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"రేపు పొద్దున పెళ్లి, గురువు గారూ."

"చెప్పారు నిన్న."

"తేడా డబ్బులు తెచ్చాను. మొదట్లో ఎంత ఉందో అంతకే రాయించండి. నాకు ఇంకొకటి ఇప్పించండి."

శేషగిరిరావు ముఖం ఒక్కసారి ఎర్రబడింది. డబ్బు తీయబోతున్న హనుమయ్య చేతిని ఆయన చూపుతోనే ఆపాడు. "అలా ఎలా కుదురుతుందండీ? అవసరం పడ్డప్పుడు ఆ ధరా, లేనప్పుడు ఈ ధరా?"

హనుమయ్య వాదించలేదు. మొవ్వలో తెలిసినవాళ్ల దగ్గర పాత కెమెరా ఒకటి అడుగుతానన్నాడు. కెమెరాను పెట్టెలో పెట్టుకోవడానికి అతనికి చాలా సేపు పట్టింది. అట్ట ముక్కలు వాటి చోట్లలో కూర్చోలేదు. శ్రీలలిత సాయం చేయబోతే, నేను చూసుకుంటానులే అమ్మా అన్నాడు. ఇప్పుడు కూడా అతను ఆమె పేరు ఎత్తలేదు. కోడలి మీద చెప్పిన అబద్ధాన్ని అలాగే మోసుకుని తలుపు నెట్టుకుని వెళ్లిపోయాడు.

శ్రీలలితకు మధ్యాహ్నం అన్నం సయించలేదు. డబ్బాలో శరత్ పొద్దున్నే పెట్టిన దొండకాయ వేపుడు ఉంది. అతను వేపుడు చేస్తే ముక్కలు సమానంగా ఉంటాయని ఆమె రోజూ అతన్ని ఏడిపిస్తుంది. పటమటలో వాళ్లు తీసుకున్న పోర్షన్ ఇద్దరి జీతాలూ చూసుకుని తీసుకున్నది. కిటికీ తెరిస్తే ఎదురింటి కరివేపాకు చెట్టు అందుతుంది. తను చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే హనుమయ్యకు ఈ షాపే పోతుంది. పెళ్లి కూడా పోవచ్చు. ఆమె డబ్బా మూత పెట్టేసి గాజు గది తలుపు తట్టింది.

"ఆయన అడగలేదండీ. నేను అడగమన్నాను. వద్దన్నారు. నేనే ఫోనులో తెరిచిచ్చాను."

శేషగిరిరావు కలం పక్కన పెట్టాడు. "కోడలని చెప్పాడే."

"నన్ను కాపాడ్డానికి చెప్పారు."

ఆయన కుర్చీలో వెనక్కు వాలాడు. ఆమె చేసింది తప్పేనన్నాడు. ఆన్‌లైన్ ధరకు అమ్మిన ప్రతి కెమెరా మీద ఈ షాపుకు ఏమీ మిగలదని, కొన్నిటి మీద చేతి నుంచి ఎదురు పడుతుందని, ఆ బోర్డు లేకపోతే కొత్తవాళ్లు గుమ్మం ఎక్కరని, పాతవాళ్ల వల్లే ఈ దీపాలు వెలుగుతున్నాయని, ఆమె జీతం కూడా వాళ్లదేనని చెప్పాడు. నెమ్మదిగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆమె అంతా విన్నది. విన్నకొద్దీ ఆమెకు భయం తగ్గి ఇంకేదో వచ్చింది.

"అయితే, నిన్నగాక మొన్న వచ్చినతనికి తగ్గించింది మనం హనుమయ్య గారి దగ్గర తీసుకుంటున్నాం కదండీ. మిమ్మల్ని నమ్మి అడగరు కాబట్టే తీసుకుంటున్నాం. బయటివాళ్లకైతే బోర్డు పెట్టి చెబుతున్నాం."

బయట రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. శేషగిరిరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు, మళ్లీ తీసి పెట్టుకున్నాడు.

"ఇవాళ్టికి నువ్వు ఇంటికెళ్లమ్మా."

ఇంటికి వచ్చి చెప్పింది. శరత్, ఒకవేళ ఆమె మానేయాల్సి వస్తే తను ట్యూషన్లు చెబుతానన్నాడు. అతనికి ట్యూషన్లంటే అసహ్యమని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు గనక, ఇద్దరూ కాసేపు కరివేపాకు చెట్టును చూస్తూ కూర్చున్నారు.

శనివారం తెల్లవారగానే ఫోన్ మోగింది. శేషగిరిరావు. షాపుకు రమ్మన్నాడు, ఇప్పుడే. లెక్కలు చూసి పంపించేస్తాడేమోనని శరత్ స్కూటర్ మీద వెంట వచ్చి, గుమ్మం దగ్గర దించి, ఎదురు హోటల్ ముందు నిలబడ్డాడు.

లోపల ఒక్క లైటే వెలుగుతోంది. శేషగిరిరావు కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. ముందర అదే మోడల్ కెమెరా పెట్టె, కొత్తది, తెరిచి ఉంది. టేపును ఆయనే కోసినట్టున్నాడు, వంకరగా తెగింది. కార్డు పెట్టే చోటు మూత ఎటు తెరుచుకుంటుందో తెలియక గోటితో లాగుతున్నాడు. ఈ కొత్తవాటి అక్షరాలు తన కంటికి ఆనడం లేదని, అంతా ఆమెనే చూడమని అన్నాడు. శ్రీలలిత రెండు కార్డులూ వేసి చూసింది. తెల్ల కాగితాన్ని తీసి చూసింది. మళ్లీ మళ్లీ నొక్కి చూసింది. బాగుందండీ అంది.

"పద. ముహూర్తానికి ముందు చేరాలి. నువ్వుంటే ఆయనకు చూపించొచ్చు."

శరత్‌కు చెయ్యి ఊపి ఆమె కారెక్కింది. కంకిపాడు, ఉయ్యూరు దాటేదాకా శేషగిరిరావు చెరకు ట్రాక్టర్ల వెనక ఓపిగ్గా నడిపాడు. పామర్రు దగ్గర తిరిగాక, వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. మామూలు రోజైతే శ్రీలలిత కిటికీ దించి చెయ్యి బయట పెట్టేది. ఇవాళ కెమెరా సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మొవ్వ సంజీవరావు మన దగ్గర ఎప్పుడు కొన్నాడు?" అని ఉన్నట్టుండి అడిగాడు.

"దీపావళికండీ."

"ఫోనేమైనా చూపించాడా?"

"లేదండీ."

కొంత దూరం పోయాక అవనిగడ్డ స్టూడియో వాళ్ల సంగతి అడిగాడు. వాళ్లూ చూపించలేదని చెప్పింది. తర్వాత గుడివాడ నుంచి వచ్చే అన్నదమ్ములు. వాళ్లూ అంతే. ఇంకెవరి గురించో అడగబోయి మానేశాడు. కూచిపూడి దాటేవరకు ఆయన చేతులు స్టీరింగ్ మీద ఒకేచోట బిగుసుకుని ఉన్నాయి.

చల్లపల్లిలో పెళ్లి జరుగుతున్న కల్యాణ మండపం ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. లోపల సన్నాయి మోగుతోంది. బంతిపూలు, టిఫిన్ల నెయ్యి వాసన కలిసిపోయి ఉన్నాయి. హనుమయ్య పెళ్లి పీటల ఎదుట మోకాలి మీద కూర్చుని పెళ్లికొడుకును తీస్తున్నాడు. చేతిలో ఉన్నది రబ్బరు పట్టు ఊడిపోయిన పాత కెమెరా. ప్రతి రెండు ఫోటోలకూ ఒకసారి వెనక తెర చూసుకుంటున్నాడు, ఫోటో పడిందో లేదోనని. అతని పక్కన పొడుగాటి స్టాండుకు కట్టిన లైటు పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు.

తల ఎత్తి వాళ్లను చూసి హనుమయ్య లేచాడు. శేషగిరిరావు సంచిలోంచి కెమెరా తీసి రెండు చేతులతో చాచాడు. హనుమయ్య అందుకోలేదు.

"బిల్లు?" అన్నాడు.

"అదే బిల్లు. మొన్నటిదే."

"ముద్ర ఉంది దానిమీద."

"ఉండనీ."

హనుమయ్య శ్రీలలిత వైపు చూశాడు. ఆమె చెప్పేసిందని అతనికి అర్థమైంది. ఎందుకమ్మా అన్నట్టు కనుబొమలు కొద్దిగా ముడిచాడు. అప్పుడు కెమెరా తీసుకున్నాడు. పాతదాని లెన్స్ ఊడదీసి దీనికి తగిలించాడు. శ్రీలలిత ఒంగి, రెండు కార్డుల్లోనూ ఫోటో పడేలా ఎక్కడ నొక్కాలో చూపించింది. అతను పూలదండ మీద ఒకటి తీసి చూసుకుని, రెండో కార్డులోనూ ఉందో లేదో చూసుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

శేషగిరిరావు ఏమైనా అంటాడని శ్రీలలిత చూస్తోంది. ఆయన పెదవులు కదిలాయి గానీ, సన్నాయి పెద్దదవడంతో, అసలు అన్నాడో లేదో తెలియలేదు. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు తెచ్చేస్తున్నారని ఎవరో కేకేశారు. హనుమయ్య తిరిగి చూస్తే స్టాండు దగ్గర లైటు మనిషి లేడు. బ్యాటరీ అయిపోవస్తోందని ఇంకొకటి తేవడానికి బయటి వ్యాను దగ్గరకు పరిగెత్తాడు. లైటును స్టాండు నుంచి ఊడదీసి, వెలుగుతుండగానే నేల మీద పెట్టి వెళ్లాడు. గుమ్మం వైపు నుంచి వచ్చే ఎండకు గంపలో ఉన్న అమ్మాయి ముఖం నల్లగా పడుతుంది. ఇటునుంచి వెలుగు కావాలి. జనం అప్పుడే తోసుకుంటున్నారు.

శేషగిరిరావు వంగి లైటు అందుకున్నాడు. అది బరువుగానే ఉంది, చెయ్యి ఒకసారి కిందికి జారింది. రెండో చెయ్యి కూడా వేసి తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా నడుం దగ్గర పైకి లేచిపోయింది. శ్రీలలిత ముందుకొచ్చి, ఇటివ్వండి సార్ అంది. ఆయన ఇవ్వలేదు.

వెనక వరసలో పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు ఆయన భుజం తట్టింది. "లైటబ్బాయ్, కాస్త పక్కకు జరుగు నాయనా. మాకేం కనపడ్డం లేదు."

హనుమయ్య కంటి దగ్గరనుంచి కెమెరా దించాడు. ఆయన ఎవరో చెప్పడానికి ఆవిడ వైపు తిరిగాడు. శేషగిరిరావు వద్దని తల ఊపి, ఆవిడకు అడ్డం లేకుండా రెండడుగులు పక్కకు జరిగాడు. నుదుటి మీద చెమట కంట్లోకి దిగుతోంది. తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

గంప దగ్గరకు వచ్చేసింది. పసుపు బట్టల్లో పెళ్లికూతురు తల వంచుకుని, చేతుల్లో కొబ్బరికాయ పట్టుకుని కూర్చుంది. హనుమయ్య ఆయన్ను ఒక్క క్షణం చూసి, మళ్లీ మోకాలి మీద కూర్చుని కెమెరా కంటికి ఆనించాడు.

"ఇంకొంచెం పైకి, గురువు గారూ," అన్నాడు. "అక్కడే ఉంచు. కదపకు."

శేషగిరిరావు మునివేళ్ల మీద లేచి నిలబడ్డాడు.